హైదరాబాద్ ఉండదగ్గ ఊరేనా? నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి

సింహపురి_రవి
నెల్లూరులో పొదలకూరు రోడ్డు వైపు మాకు సొంత ఇల్లుంది. పాతదే, కానీ ముందు కొబ్బరి చెట్లు, వెనక బావి, గాలీ వెలుతురూ బాగుంటాయి. నాన్న రిటైరయ్యారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేనూ నా భార్యా గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేస్తూ అద్దె ఇంట్లో ఉంటున్నాం. నెల్లూరు ఇల్లు అమ్మి, మిగతాది లోన్ పెట్టి, తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కుని అందరం ఒక్కచోట ఉందామన్నది నా ఆలోచన. నాన్నను అడిగితే "చూద్దాంలే" అన్నారు. ఆయన సంగతి తెలిసినవాళ్లకు అది కాదన్నట్టే.

రేట్లు, వడ్డీలు నేను చూసుకుంటాను. నాకు కావాల్సింది వేరు. అంత పెద్ద ఊళ్లో మనవాళ్ల బతుకు నిజంగా ఎలా ఉంటోంది? వెళ్లి స్థిరపడ్డవాళ్లు, వెళ్లి తిరిగొచ్చేసినవాళ్లు, అసలు వెళ్లనివాళ్లు కూడా రాయండి. బిర్యానీ మీద గొడవ మాత్రం వద్దు.

కావలి_కరెంటు
అసలు వెళ్లనివాళ్లనే ముందు అడగండి. హైదరాబాద్ గురించి వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఒంగోలు_సుజాత
నేను వెళ్లి స్థిరపడ్డదాన్ని. నా ఓటు హైదరాబాద్‌కే.

చదువయ్యాక అమీర్‌పేట హాస్టల్లో దిగాను. ఇరుకు గది, నీళ్ల పప్పు, అయినా నాకు ఊపిరాడింది అక్కడే. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఎవరితోనైనా నిలబడి మాట్లాడితే నేను ఇల్లు చేరేలోపే అమ్మకు కబురు చేరేది. ఇక్కడ నైట్ షిఫ్ట్ ముగించుకుని తెల్లవారుజామున కొండాపూర్‌లో క్యాబ్ దిగితే, టీ బండి దగ్గర నాలాంటివాళ్లే బోలెడుమంది ఉంటారు. ఎవరూ తలెత్తి చూడరు. ఒంటరి ఆడమనిషికి ఇల్లు అద్దెకివ్వడానికి ఇక్కడా సాకులు చెబుతారు. కాకపోతే ఒకరు కాదంటే పక్క వీధిలో ఇంకొకరు ఇస్తారు. ఉద్యోగం నచ్చకపోతే మానేసి అదే రోడ్డులో ఇంకో ఆఫీసులో చేరొచ్చు. మా ఊళ్లో మానెయ్యడానికైనా అలాంటి ఉద్యోగం లేదు.

ట్రాఫిక్ అంటారా, ఉంది. వానొస్తే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర బండి ఆపుకుని నిలబడటమే. అయినా నేను వెనక్కి రాను.

రిటైర్డ్_మాస్టారు
రవి బాబూ, నేను వెళ్లి తిరిగొచ్చిన రకం. మాది కందుకూరు. మా అబ్బాయి నిజాంపేటలో ఉంటాడు. మా ఆవిడ, నేను మనవడి కోసం వెళ్లాం. కొడుకూ కోడలూ బంగారం, వాళ్ల మీద ఫిర్యాదేమీ లేదు. పొద్దున్నే వాళ్లు ఆఫీసుకు, పిల్లవాడు బడికి. ఆ తర్వాత సాయంత్రం దాకా మేమిద్దరమే. నా హైదరాబాద్ అంటే లిఫ్టు, అపార్ట్‌మెంట్ కింద కూరగాయల బండి, సందు చివర శివాలయం. మెయిన్ రోడ్డు దాటితే మంచి లైబ్రరీ ఉందన్నారు. ఆ రోడ్డు దాటడం నావల్ల కాలేదు. అటూ ఇటూ బండ్లు, మధ్యలో డివైడర్, మనిషి దాటడానికి సిగ్నల్ లేదు.

కందుకూరులో సాయంత్రం అలా బయటికెళితే పోస్టాఫీసు దగ్గర ఒకరు, మందుల షాపు దగ్గర ఒకరు, ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్లే. కుర్చీ వేసి కూర్చోబెడతారు. నిజాంపేటలో నన్ను "అంకుల్" అనేవారు. మర్యాదకు లోటు లేదు, కానీ ఆ అంకుల్ ఎవరో నాకే తెలిసేది కాదు.

ఒక్క మాట. మా ఆవిడకు అక్కడ చాలా నచ్చింది. పక్క ఫ్లాట్ల ఆడవాళ్లతో కలిసి విష్ణుసహస్రనామం, నెలకోసారి యాదగిరిగుట్ట. తిరిగొచ్చింది నా కోసమే. ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

చీమకుర్తి_గెలాక్సీ
మాస్టారు చెప్పిన రోడ్డు సంగతి దగ్గరే ఉంది అసలు విషయమంతా. అందరూ హైదరాబాద్ ఒక ఊరు అన్నట్టు మాట్లాడుతున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుకొలత 158 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి మద్రాసుకు రోడ్డున సుమారు 175. అంటే ఔటర్ మీద ఒక్క చుట్టు తిరగడానికి పట్టే దూరంలో మీరు నెల్లూరులో బయల్దేరి తడ, గుమ్మిడిపూండి దాటి మద్రాసు పొలిమేరకు చేరిపోతారు. అంత చోటులో ఉండేది ఒక ఊరెలా అవుతుంది? ఎల్‌బీ నగర్‌లో ఉన్న మా బావ, కూకట్‌పల్లిలో ఉన్న మా చెల్లి పండక్కి ఒంగోలులోనే కలుసుకుంటారు. అక్కడ కలవరు.

మెట్రో మంచిదే. 2017 నవంబర్‌లో మొదలైంది, మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా కుదుపు లేకుండా పోవచ్చు. కానీ ఇటు నీలం లైను రాయదుర్గం దగ్గర ఆగిపోయింది. ఆకాశాన్నంటే టవర్లు లేచేదేమో దాని అవతల, కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు. ముందు ఫ్లాట్లు, తర్వాత రోడ్లు, ఆ తర్వాత ఎప్పుడో బస్సు. ఇదీ అక్కడి వరస. రవి గారి ఆఫీసు గచ్చిబౌలిలోనే ఉన్నన్నాళ్లూ తెల్లాపూర్ బాగుంటుంది. ఉప్పల్ వైపు ఇంకో కంపెనీలో వచ్చిందనుకోండి, అప్పుడు ఫ్లాట్ మోసుకెళ్లలేరు కదా.

అన్నట్టు, ఆ టవర్ల లాబీల్లో నల్లగా మెరిసే బండలు చూడండి, ఎక్కువ మటుకు మా చీమకుర్తివే. రాయికి అక్కడ మంచి బతుకే దొరికింది.

టి_నగర్_నెల్లూరోడు
ఏందబ్బా, అందరూ హైదరాబాద్, హైదరాబాద్ అంటారు. నెల్లూరోడికి పెద్ద ఊరంటే ఎప్పుడూ మద్రాసే కదా. గుండె జబ్బు వస్తే మద్రాసు, పెళ్లి పట్టుచీరలకు మద్రాసు. పొద్దున్నే బయల్దేరి పని చూసుకుని రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. సూళ్లూరుపేట దాకా మద్రాసు లోకల్ రైళ్లే తిరుగుతాయి. హైదరాబాద్‌కు ఒక రాత్రంతా కూర్చోవాలి. అమ్మానాన్నల ఇల్లు అమ్మకుండానే వాళ్లను చూసుకోవచ్చన్నమాట. ఉద్యోగం మద్రాసుకు మార్చుకోండి.

ఒంగోలు_సుజాత
నెల్లూరు దాకా అది సరే, ఒంగోలు నుంచి మద్రాసు ఏమంత దగ్గర కాదు. పిల్లల చదువు సంగతో? తమిళనాడులో 2006 చట్టం తర్వాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి. మా పిన్ని పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు.

టి_నగర్_నెల్లూరోడు
హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్లలో పిల్లలు తెలుగు గడగడా చదివేస్తున్నారా అక్కా?

ఒంగోలు_సుజాత
సరే, అక్కడ దొరికిపోయాను.

మార్కాపురం_పలక
మీరంతా రోడ్లు, స్కూళ్లు అంటున్నారు. నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. మాది ఉమ్మడి ప్రకాశం పడమర. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన వాళ్లను చూస్తూ పెరిగాం. మాకు నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లయిపోయాయి. హైదరాబాద్ మాత్రం నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా కృష్ణా నీళ్లు ఎత్తిపోసుకుంటుంది, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకుంటుంది. డబ్బూ ఓట్లూ ఎక్కడుంటే నది అటు పారుతుంది. అందుకే మావాళ్లు ఆ నీళ్ల వెంటే వెళ్లిపోయారు. నన్నడిగితే నగరం బాగుందా అని కాదు, ఊరిని ఉండనిచ్చారా అని అడగాలి.

చీమకుర్తి_గెలాక్సీ
అంత తెచ్చుకున్నా చాలట్లేదు అన్నా. పడమటి హైదరాబాద్‌లో ఎండాకాలం వస్తే గేటెడ్ కమ్యూనిటీల ముందు ట్యాంకర్ల వరస. కింద రాతి నేల, బోర్లు ఎంత లోతు దించినా దుమ్మే. బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, మెయింటెనెన్స్ బిల్లులో ట్యాంకర్ల ఖర్చు ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే మా ఒంగోలులోనూ ఎండాకాలంలో కుళాయి రోజూ రాదు. కాబట్టి నీళ్ల విషయంలో ఎవరినీ వెక్కిరించే స్థితిలో మనం లేం.

టి_నగర్_నెల్లూరోడు
నెల్లూరు ఉంది కదా! పెన్నా, సోమశిల, కండలేరు. మద్రాసుకే నీళ్లు పోస్తాం మేము. 1983 ఒప్పందం, ఏడాదికి 12 టీఎంసీలు, కండలేరు నుంచి సరిహద్దు జీరో పాయింట్ దాకా 152 కిలోమీటర్ల కాలవ, అక్కణ్నుంచి పూండి. మద్రాసులో కుళాయి తిప్పినప్పుడల్లా మా జిల్లా నీళ్లు తాగుతున్నానని చెప్పుకుంటాను. ఎవరూ వినరనుకోండి.

కావలి_కరెంటు
అన్నా, 2019 ఎండాకాలంలో మద్రాసులో బిందెల వరసలు మేమూ టీవీలో చూశాం. 2015 డిసెంబర్‌లో అదే మద్రాసు మునిగింది కూడా.

టి_నగర్_నెల్లూరోడు
2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునగలేదా?

కోవూరు_కోడలు
2021 నవంబర్‌లో మేము మునిగాం, మమ్మల్ని మర్చిపోకండి. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, దామరమడుగు దగ్గర హైవే తెగింది. నెల్లూరు పక్కనే ఉన్నా మాకు నెల్లూరు లేదు. ఊరు చిన్నదైతే నీళ్లు మర్యాదగా పక్కనుంచి పోతాయనుకోవద్దు.

తేడా ఒకటుంది. మనకు వాన అంటే దీపావళికి అటూ ఇటూ వాయుగుండం, ముందే కబురు తెలుస్తుంది, బియ్యం అటక మీద పెట్టుకుంటాం. హైదరాబాద్‌లో ఎండగా ఉన్న సాయంత్రం గంటన్నర కొడితే చాలు, సెల్లార్‌లో కార్లు తేలతాయి. అక్కడి చెరువులన్నీ గొలుసుగా ఒకదాన్నుంచి ఒకదానికి పారేలా కట్టినవట. గొలుసు తెంపి కాలనీలు కట్టాక నీళ్లు ఎటుపోవాలి?

ఇక అసలు మాట. రవి గారూ, మీ నాన్నగారి మాట రాశారు, అమ్మగారి మోకాళ్లు రాశారు, కొబ్బరి చెట్లు కూడా రాశారు. మీ ఆవిడ ఏమందో రాయలేదే? అందరూ ఒకే ఇంట్లో ఉంటే పొద్దున పూట ఇడ్లీ ఎవరు పెట్టాలి, మధ్యాహ్నం మాత్రలు ఎవరు గుర్తుచేయాలి? ఊరు పెద్దదా చిన్నదా అన్నది దాని తర్వాత.

కావలి_కరెంటు
ఇప్పుడు దొరికాడు రవి.

సింహపురి_రవి
ఆమె పక్కనే కూర్చుని ఇదంతా చదువుతోంది. ఫోన్ ఆమెకే ఇస్తున్నా.

సింహపురి_రవి (రాస్తున్నది ఆయన భార్య)
కోవూరు అక్కకు థాంక్స్. మాది ఆత్మకూరు. నాకు ఈ ఊరంటే ఇష్టమే. రాత్రిళ్లు చల్లబడతాయి, రోహిణి కార్తెలో కూడా నెల్లూరులో లాగా ఒళ్లంతా జిడ్డు కారదు. దోమలు కూడా నయమే, నెల్లూరు దోమలతో పోలిస్తే ఇక్కడివి పాపం. నా జీతం నా చేతికొస్తుంది. వెనక్కి వెళ్లాలని లేదు.

అత్తయ్య, మామయ్య వస్తే నాకు భారమని కాదు. నిజానికి బాబును డేకేర్‌లో వదిలే టెన్షన్ తగ్గుతుంది. నాకు ఇబ్బందనిపించేది కూడా అదే. వాళ్లను వాళ్ల కోసం తెచ్చుకుంటున్నామా, మా అవసరానికి తెచ్చుకుంటున్నామా? అత్తయ్య నెల్లూరులో మోకాళ్లు నొప్పంటూనే ప్రతి శనివారం రంగనాయకుల గుడికి వెళ్తుంది. ఇప్పుడు ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ కూడా, ఆధార్ చూపించి ఎక్కేస్తుంది. ఇక్కడా ఆడవాళ్లకు ఫ్రీయే, కానీ అది తెలంగాణ వాళ్లకు. ఆంధ్రా ఆధార్ చూపిస్తే టికెట్ కొడతారు. డబ్బు పెద్ద లెక్క కాదు. ఒంటరిగా బస్సెక్కి ఎటైనా పోగలిగే మనిషి, ఇక్కడికొచ్చాక ప్రతిదానికీ మమ్మల్ని క్యాబ్ బుక్ చేయమని అడగాలి. ఆమెకు అడగడం రాదు. అడగకుండా ఇంట్లో కూర్చుంటుంది.

ఇల్లు అమ్మొద్దని నేను మొదట్నుంచీ చెబుతున్నా. ఈయన పోస్టులో అది రాయలేదు.

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, నీ మాట మా కోడలికి చదివి వినిపించాను. ఇన్నాళ్లకు ఎవరో నా తరఫున మాట్లాడారంది. అంటే ఏమిటో నేను అడగలేదు.

రవి బాబూ, అమ్మాయి చెప్పింది విను. ఇల్లు అమ్మేశాక మీ నాన్న మీ ఇంటికి చుట్టం అవుతాడు. ఇల్లు ఉన్నంత కాలం ఆయన మీ ఇంటికి వచ్చిన తండ్రి. నచ్చకపోతే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేయగలనన్న ధైర్యం ఉంటే మనిషి ఎక్కడైనా కొన్నాళ్లు సర్దుకుంటాడు. నేను నిజాంపేటలో ఉన్నంత కాలమైనా ఉన్నానంటే కందుకూరులో తాళం చెవి జేబులో ఉండబట్టే.

చీమకుర్తి_గెలాక్సీ
మాస్టారు గారితో కొంచెం విభేదిస్తాను. తాళం వేసిన ఇంటికి చెదలు పడతాయి, అద్దెకిస్తే వేరే తలనొప్పి. మా నాన్నను నేను పట్టుబట్టి హైదరాబాద్ తెచ్చాను. మొదట్లో అలిగారు. ఇప్పుడు కేపీహెచ్‌బీ పార్కులో ఆయనకు ఒంగోలు, చీరాల, అద్దంకి వాళ్లతో పేకాట బ్యాచ్ ఉంది. కేపీహెచ్‌బీలో దొరికినంత ప్రకాశం జిల్లా ఒక్కోసారి ప్రకాశం జిల్లాలోనే దొరకదు. మీరు కొనే చోటు తెల్లాపూర్ కాకుండా అలాంటి పాత కాలనీ అయితే మీ నాన్నగారు కూడా నిలబడొచ్చు. బిల్డింగ్ పాతదే, పార్కింగ్ లేదు, కానీ మందుల షాపు, గుడి, టిఫిన్ బండి, మెట్రో స్టేషన్ అన్నీ నడిచే దూరం. పెద్దవాళ్లకు అదే సౌకర్యం. ముప్పయ్యో అంతస్తు నుంచి కనబడే వ్యూ కాదు.

ఒంగోలు_సుజాత
ఇది మాత్రం అక్షరాలా నిజం. నాకు నచ్చిన హైదరాబాద్ కూడా నడిచి తిరిగిన అమీర్‌పేటే. ఇప్పుడున్న కొండాపూర్ అపార్ట్‌మెంట్‌లో కొత్తిమీర కావాలన్నా యాప్ తెరవాలి.

పామూరు_మేస్త్రి
అందరికీ నమస్కారం. మా అబ్బాయి చేత రాయిస్తున్నా. నేను తెల్లాపూర్, కొల్లూరు వైపే సెంట్రింగ్ పని చేయిస్తుంటా. మా ఊళ్లో మెట్ట పొలం, వాన లేదు, బోరు లేదు. ఇక్కడ పనికి లోటు లేదు. పిల్లోడిని డిగ్రీ చదివించా. హైదరాబాద్ మంచిదా చెడ్డదా అని నన్ను ఎవరూ అడగలేదు ఇంతవరకు. పని ఇచ్చింది కాబట్టి నేను మంచిదే అంటా. సైట్ దగ్గర రేకుల షెడ్డులో ఉంటాం, పని అయిపోగానే షెడ్డు ఇంకో చోటికి పోతుంది. మేము కట్టిన గేట్లో మళ్లీ లోపలికి పోవాలంటే సెక్యూరిటీ వాడు రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటాడు. అది వాడి డ్యూటీ, వాడిది కూడా మా పక్క ఊరే.

రవి సారుకు నాకు తెలిసింది చెబుతా. ఫ్లాట్ చూడ్డానికి ఆదివారం ఎండలో ఏసీ కారులో వచ్చి మోడల్ ఫ్లాట్ చూసి పోవద్దు. పెద్ద వాన పడిన తెల్లారి రావాలి. సెల్లార్‌లో మోటార్లు ఎన్ని తిరుగుతున్నాయో చూడాలి. పక్కన చెరువు ఉంటే దాని ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చేంత మేర, ఆ హద్దు రాళ్లు ఎక్కడున్నాయో అడగాలి, దాని చుట్టూ కట్టకుండా వదలాల్సిన బఫర్ ఎంత వదిలారో అడగాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చినాక చెరువు పక్క ఇళ్లు కొన్నవాళ్లకు నిద్రల్లేవు. కాగితాలన్నీ ఉన్నాయని చెబుతారు. కాగితాలు ఉన్నా నీళ్లు వాటి దారిన అవే వస్తాయి. పునాది తీసేటప్పుడు నల్లమట్టి, గుల్లలు తేలితే అది చెరువే. నేను తవ్వించా కాబట్టి నాకు తెలుసు.

మార్కాపురం_పలక
మేస్త్రీ, ఇంత చెప్పావు, నువ్వు అక్కడ ఇల్లు కొనుక్కోవా?

పామూరు_మేస్త్రి
ఎక్కడన్నా అన్నా. అక్కడ గజం రేటుకు మా ఊళ్లో ఎంత పొలం వస్తుందో లెక్క వేస్తే పిచ్చెక్కుతుంది. పామూరులో రెండు గదులు వేసుకున్నా. మా ఇంటిది మాత్రం బాచుపల్లి వైపు చిన్న పోర్షన్ అయినా చాలు, ఇక్కడే ఉందామంటుంది. కొడుకు ఉద్యోగం ఇక్కడే కదా అని.

మోడరేటర్
చర్చ బాగా నడుస్తోంది. మొదటి పోస్టులోనే వద్దన్నా మొదలైన బిర్యానీ, నెల్లూరు చేపల పులుసు పోస్టులన్నిటినీ వంటల విభాగంలోకి మార్చాను. హైదరాబాద్ హోటళ్లలో "నెల్లూరు చేపల పులుసు" అని బోర్డు పెట్టి మామిడికాయ కూడా వేయకుండా అమ్మేవాళ్ల మీద కోపం అక్కడ తీర్చుకోండి. ప్రాంతాల పేరుతో తిట్టుకున్న రెండు పోస్టులు తీసేశాను.

సింహపురి_రవి
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో మాట్లాడుకున్నాం. ఇల్లు అమ్మే మాట పక్కన పెట్టాను. నాన్నకు ఫోన్ చేసి చెబితే "కేపీహెచ్‌బీలో పేకాట ఎక్కడ ఆడతారో కనుక్కో" అన్నారు. అంటే ఈ పోస్టులన్నీ ఆయన కూడా చదువుతున్నారన్నమాట. ముందు కేపీహెచ్‌బీలో అద్దెకు చూస్తాం, గ్రౌండ్ ఫ్లోర్ దొరికితే. మాకు ఆఫీసు కొంచెం దూరమవుతుంది. నేను మెట్రోలో రాయదుర్గం దాకా పోగలను, అమీర్‌పేటలో మారాలి.

తెల్లాపూర్ ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. మేస్త్రి గారూ, వచ్చే వారం వానలంటున్నారు. మీరు ఆ వైపే ఉంటే ఒకసారి ఆ చెరువు గట్టు చూపిస్తారా?

పామూరు_మేస్త్రి
ఉంటా సారూ. పొద్దున ఏడింటికల్లా రండి, తర్వాత కాంక్రీట్ లారీలు మొదలైతే నాకు తీరదు. కారు మెయిన్ రోడ్డు మీదే పెట్టండి, లోపల బురద.